సోనాబాయి పద్ధతిలో వసారాకు మట్టి జాలీ

ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో పుహ్‌పుట్రా అనే పల్లెకు చెందిన సోనాబాయి రాజ్‌వార్ ఏ గురువు దగ్గరా శిల్పకళ నేర్చుకోలేదు. భర్త ఆమెను సుమారు 15 ఏళ్లు ఇంటి ఆవరణ దాటనివ్వలేదు. పలకరించే మనిషి లేని ఆ ఇంట్లో, పసివాడైన కొడుకు ఆడుకోవడానికి ఆమె మట్టితో బొమ్మలు చేయడం మొదలుపెట్టి, క్రమంగా వెదురు చట్రాలకు మట్టి మెత్తి వసారాకు జాలీలు, అంటే కన్నాల తెరలు, నిలిపి, వాటి కన్నాల్లో పక్షులను, కోతులను, పాములను, వాద్యకారులను కూర్చారు. 1983లో భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రం కోసం జానపద కళారూపాలు సేకరిస్తున్నవారి కంట ఆ ఇల్లు పడింది. ఆ తరువాత ఆమెకు జాతీయ స్థాయి గుర్తింపు లభించింది, 2007లో కన్నుమూశారు. ఆమె పుట్టిన రాజ్‌వార్ సముదాయపు స్త్రీలకు గోడలను మట్టితో, సున్నంతో అలంకరించే ఆనవాయితీ ముందునుంచే ఉంది గనుక, ఆమె సొంతంగా కనిపెట్టినది మట్టిపనిని కాదు, దానిని గోడ మీది నుంచి విడదీసి గాలీ వెలుతురూ ఆడే తెరగా నిలబెట్టడాన్ని అని నా అభిప్రాయం.

అటువంటి చిన్న జాలీని మన ఇంట్లోనూ చేసుకోవచ్చు. కింద చెప్పిన కొలతలు ఆమెవి కావు, ఇంటి పనికి సరిపోయే ఉజ్జాయింపులు మాత్రమే.

ముందుగా మట్టి సంగతి చూడాలి. చెరువు బంకమట్టిని ఎండబెట్టి, నలగగొట్టి, రాళ్లు లేకుండా జల్లించి, రాత్రంతా నానబెట్టాలి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు వరి ఊక, ఒక పాలు ఆవుపేడ కలిపి, ముద్ద చేతికి అంటుకోకుండా వచ్చే వరకు కాళ్లతో తొక్కాలి. పని మొదలుపెట్టే ముందు అరచేతి మందాన ఒక బిళ్ల తట్టి నీడలో ఆరనివ్వాలి: నెర్రెలిస్తే ఊక పెంచాలి, గోరు తగలగానే రాలిపోతే మట్టి పెంచాలి. ఈ పరీక్షను బద్ధకించి వదిలేసినవారి జాలీ సగం ఆరేసరికే పగుళ్లు చూపిస్తుంది.

పచ్చి వెదురును వేలెడు వెడల్పు బద్దలుగా చీల్చి, నీళ్లలో నానబెట్టి, జానెడు అడ్డుకొలత గల వలయాలుగా వంచి పురికొసతో కట్టాలి. లావుపాటి వెదురుతో బిగించిన చట్రంలో ఈ వలయాలను వరుసగా పేర్చి, ఒకదానికొకటి తగిలే ప్రతి చోటా ముడి వేయాలి. ముడి వదులైతే మట్టి బరువుకు వలయం జారి, పైపూత మొత్తం విరుగుతుంది.

వెదురు నున్నగా ఉంటుంది కాబట్టి మట్టి ముద్దను నేరుగా మెత్తితే పట్టదు. మొదట గంజిలా పల్చగా కలిపిన మట్టినీళ్లు పూసి, అది కాస్త బిగుసుకున్నాక వేలి మందాన ముద్ద మెత్తి, తడి చేత్తో నునుపు చేయాలి. ఒక పొర ఆరాకే రెండోది వేయాలి. ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి బిగుసుకుని పగులుతుంది, నీడే మంచిది.

బొమ్మలకు ఎండుగడ్డిని పురికొసతో బిగించి చుట్టి, ఆ గడ్డి మీద మట్టి తొడగాలి. అందువల్ల బొమ్మ తేలికగా ఉంటుంది. పక్షి కాళ్ల చోట రెండు వెదురు పుల్లలు గుచ్చి, వలయం మీది తడిమట్టిలో దించితే నిలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫెవికాల్ తెచ్చి కలపవద్దని గట్టిగా చెబుతాను. అవి ఆరినప్పుడు మట్టితో సమంగా ముడుచుకోవు.

అంతా ఆరాక సున్నం కొట్టి, దాని మీద రంగులు వేయాలి. జేగురు ఎరుపునూ, పసుపుమన్ను పసుపునూ, దీపపు మసి నలుపునూ ఇస్తాయి. తుమ్మజిగురు నీళ్లలో కలిపితే చేతికి అంటవు. వంటింటి పసుపు మాత్రం వాడకూడదు. తడి సున్నం తగిలితే అది పారాణిలా ఎర్రబడుతుంది, ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది కూడా.

ఈ జాలీ కాల్చిన మట్టి కాదు కనుక వాన నేరుగా పడితే కరుగుతుంది. చూరు కిందనే, చెద ఎక్కకుండా రాతి పలక మీద నిలపాలి. వానాకాలం వెళ్లాక పగుళ్లకు అదే మట్టినీళ్లు పూసి, సంక్రాంతికి ఇల్లు అలుక్కునేటప్పుడు దీనికీ ఒక చేయి సున్నం వేస్తే చాలు.