ఎలక్ట్రిక్ గిటార్ మరమ్మతు – నాలుగో పాఠం: పికప్ ఎంచుకోవడం, మార్చడం

గత మూడు పాఠాల్లో తీగలు మార్చడం, బ్రిడ్జి దగ్గర శ్రుతి సరిచేయడం, గరగరమనే వాల్యూమ్ కంట్రోల్‌ను శుభ్రం చేయడం చూశాం. ఈసారి పికప్, అంటే తీగల కింద ఉండి వాటి ఊపును కరెంటుగా మార్చే భాగం. పోయిన పాఠం చదివి పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "గురువుగారూ, నా గిటార్ సౌండ్ బాగోలేదు. ఏ పికప్ కొనమంటారు?"

ఇలా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. బాగోలేదంటే ఏమిటో ముందు తేలాలి. పందిట్లో బుయ్‌మని మోగుతోందా? సోలో వాయించేటప్పుడు సన్నగా వస్తోందా? కార్డ్ కొడితే స్వరాలన్నీ కలిసిపోయి ముద్దగా వినిపిస్తోందా? మంచి పికప్‌కు పెట్టే డబ్బు ఒక్కోసారి గిటార్ ధరనే మించిపోతుంది. కాబట్టి కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి.

ముందు ఎత్తు చూడండి

పికప్‌కు రెండు పక్కలా ఉండే స్క్రూలు తిప్పితే అది తీగలకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావు తీగను, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పోల్ (తీగ కింద కనిపించే లోహపు మొన) పైభాగం దాకా కొలవండి. స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ గిటార్) రకం సింగిల్ కాయిల్‌కు, అంటే ఒకే రాగి చుట్ట ఉన్న పికప్‌కు, లావు తీగ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే మంచి మొదలు. రెండు చుట్టలుండే హంబకర్‌ను ఇంకా దగ్గరికి తేవచ్చు, 1.6 దాకా పర్వాలేదు. కొలవడానికి ప్లాస్టిక్ స్కేలు వాడండి. రూపాయి బిళ్ల అడ్డం పెట్టి చూద్దామనుకుంటే అది పోయి అయస్కాంతానికి అతుక్కుంటుంది.

చాలామంది శబ్దం పెరగాలని సింగిల్ కాయిల్‌ను తీగకు ఆనేంత పైకి లేపేస్తారు. అయస్కాంతం తీగను లాగుతుంది, పై ఫ్రెట్లలో లావు తీగ స్వరం వణుకుతుంది, ఎంత శ్రుతి చేసినా కుదరదు. అప్పుడు తప్పు పికప్‌ది కాదు. నాకు చూపించడానికి తెచ్చే గిటార్లలో కొన్ని ఈ స్క్రూడ్రైవర్ పనితోనే బాగుపడి వెళ్లిపోతాయి. పికప్ మార్చాలన్న కోరిక మాత్రం వాళ్లకు అలాగే ఉండిపోతుంది, అది వేరే సంగతి.

లోపల ఏం జరుగుతుంది

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నగా ఉండే రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు రాగి చుట్టలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. నైలాన్ తీగలకు పికప్ పలకకపోవడానికి కారణం కూడా ఇదే.

చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, కానీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. అయస్కాంతాల్లో ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం, ఒక రకం. సెరామిక్ ఇంకో రకం. చవక గిటార్లలో ఎక్కువగా కనిపించేది అడుగున పట్టీలా అతికించిన సెరామిక్. సెరామిక్ అనగానే తీసిపారేయక్కర్లేదు, గట్టి డిస్టార్షన్‌తో వాయించేవాళ్ల కోసం చేసే ఖరీదైన పికప్‌లలోనూ అది ఉంటుంది.

కొనేటప్పుడు అందరూ చూసే అంకె రెసిస్టెన్స్. స్ట్రాటోకాస్టర్ రకానికి సుమారు 6 కిలో ఓమ్‌లు, పాతకాలపు హంబకర్‌కు 7.5 నుంచి 8.5, హై అవుట్‌పుట్ రకానికి 13 దాటి. మీ గిటార్‌ది తెలుసుకోవాలంటే విప్పనక్కర్లేదు. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, కేబుల్ రెండో కొస మీద మల్టీమీటర్‌ను 20కె (20 కిలో ఓమ్‌ల) రేంజ్‌లో పెట్టి చూడండి. వాల్యూమ్ కంట్రోల్ కూడా పక్కనే కలిసి ఉంటుంది కాబట్టి అంకె కాస్త తక్కువ వస్తుంది: 8 ఉండాల్సింది 7.87 చూపిస్తుంది.

అయితే ఈ అంకెను చూసి పికప్ బలం తేల్చేయకండి. ఇంకా సన్నని రాగి తీగతో చుడితే చుట్లు పెరగకుండానే రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎండకూ పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8 చూపించిన పికప్ రాయగడలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 8.6 చూపిస్తుంది. అంతమాత్రాన గిటార్ గట్టిగా మోగదు కదా.

పందిరి గోల

మన వైపు వాయించేవాళ్లలో ఎక్కువమంది వాయించేది ఇంట్లో కాదు. బరంపురంలో ఠాకురాణి యాత్ర, దసరా పందిళ్లు, పెళ్లిళ్లలో మెలోడీ పార్టీలు, గజపతి జిల్లాలో చర్చి కూటాలు. వేదిక చుట్టూ సీరియల్ లైట్లు, డిమ్మర్లు, వెనకాల జనరేటర్. సింగిల్ కాయిల్‌కు ఇవన్నీ వినిపిస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100 హెర్ట్జ్ కూడా హమ్‌లో, అంటే ఆ బుయ్‌మనే మోతలో, గట్టిగానే ఉంటుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ స్వరం 98 హెర్ట్జ్. అంటే జి కార్డ్ పట్టినప్పుడల్లా పక్కనే శ్రుతి తప్పిన ఇంకో స్వరం మోగుతున్నట్టే.

దీనికి మందు 1955లోనే వచ్చింది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదానికి అయస్కాంతం దిశ, చుట్టిన దిశ రెండూ తిరగేశాడు. బయటి నుంచి వచ్చే హమ్ రెండు కాయిళ్లలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ స్వరం మాత్రం కలిసి రెట్టిస్తుంది. అదే హంబకర్.

కాబట్టి పందిళ్లలో వాయించేవాళ్లకు నా సలహా ఒకటే: బ్రిడ్జి దగ్గర మధ్యస్థ అవుట్‌పుట్ హంబకర్, 8 నుంచి 10 కిలో ఓమ్‌ల మధ్యలో, ఆల్నికో 5 అయస్కాంతంతో. సినిమా పాటలకు, సంబల్‌పురి పాటలకు, భక్తిగీతాలకు అన్నింటికీ సరిపోతుంది. 15 కిలో ఓమ్‌ల హంబకర్ కొని క్లీన్ కార్డ్‌లు వాయిస్తే ముద్దగా వస్తుంది, తర్వాత ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టాలి. మెటల్ వాయించే పిల్లలు నా మాట వినరు, వినక్కర్లేదు కూడా.

గిటార్‌లో హంబకర్‌కు చోటు లేకపోతే సింగిల్ కాయిల్ కొలతలోనే రెండు కాయిళ్లు ఇమిడ్చినవి దొరుకుతాయి: రెండు పట్టీలుండే రైల్ రకం, ఒకదాని కింద ఒకటి ఉండే స్టాక్ రకం. స్ట్రాటోకాస్టర్ మెరుపు పోకూడదంటే స్టాక్, లావుగా కావాలంటే రైల్.

కొనేముందు కొలతలు

ఆరో పోల్ మధ్య నుంచి మొదటి పోల్ మధ్యకు కొలవండి. గిబ్సన్ పద్ధతి హంబకర్‌కు 50 మిల్లీమీటర్లలోపు, ఎఫ్ స్పేసింగ్ అనేదానికి 52, 53 ఉంటుంది. స్ట్రాటోకాస్టర్ రకం బ్రిడ్జికి ఎఫ్ స్పేసింగే నప్పుతుంది. తర్వాత గుంట లోతు. చవక గిటార్ల ఒళ్లు పల్చగా ఉంటుంది, పొడవు కాళ్ల హంబకర్ అడుగున తగిలి కిందికి దిగదు. పొట్టి కాళ్లది అడగండి.

పాట్ (వాల్యూమ్, టోన్ కంట్రోల్ లోపలి భాగం), కెపాసిటర్ల కోసం విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లక్కర్లేదు, టీవీ రేడియో సామాన్లు అమ్మే కొట్టులో అడిగి చూడండి. హంబకర్‌కు 500కె, సింగిల్ కాయిల్‌కు 250కె అని లెక్క. 500కె లేదు 470కె ఉందంటే తీసేసుకోండి, వినేవాళ్లకు తేడా తెలియదు. ఎ అని గుర్తున్నది వాల్యూమ్‌కు మంచిది. బి గుర్తున్నది పెడితే శబ్దం అంతా చివరి మలుపులోనే తగ్గుతుంది. టోన్ కెపాసిటర్ మీద 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్, హంబకర్‌కు. 473 అంటే 0.047, సింగిల్ కాయిల్‌కు.

ఒకే గిటార్‌లో రెండు రకాలూ ఉంటే? 500కె పెట్టి, ప్రతి సింగిల్ కాయిల్ వైరు పికప్ ఎంచుకునే స్విచ్‌లో కలిసే కాలు నుంచి ఎర్త్‌కు 470కె రెసిస్టర్ ఒకటి వేయండి. ఆ కాయిల్‌కు అప్పుడు సుమారు 240కె ఉన్నట్టే లెక్క, చెవిలో గుచ్చుకునే పదును పోతుంది.

ఇక విప్పుదాం

యాంప్ నుంచి కేబుల్ తీసేయండి. తీగలు తీసి, ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పి ఒక మూతలో వేసుకోండి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి ఈ స్క్రూలు తుప్పుపట్టి తల అరిగిపోతాయి. సరైన సైజు స్టార్ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా అదిమి తిప్పండి. లోపలి వైర్లకు రెండు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి.

టంకానికి 25 వాట్ల ఐరన్ స్విచ్ కాళ్లకు చాలు. పాట్ వీపు మీద ఎర్త్ అతికించడానికి మాత్రం చాలదు, 40 నుంచి 60 వాట్లు కావాలి. చిన్న ఐరన్‌తో అర నిమిషం అదిమి పెడితే టంకం పట్టకముందే పాట్ లోపల కాలిపోతుంది. వీపును గరుకు కాగితంతో గీకి, ముందే కొంచెం లెడ్ (టంకం తీగ) కరిగించి పూసి, తర్వాత వైరు పెట్టి నాలుగైదు సెకన్లలో ముగించండి. లోపల రోజిన్ ఉన్న 60/40 లెడ్ వాడండి. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ దగ్గరికి రానివ్వకండి, అది నెలల్లో రాగిని తినేస్తుంది.

పాత పికప్‌కు స్విచ్ దగ్గర ఒక వైరు, పాట్ వీపు మీద ఒకటి ఉంటాయి. రెండూ ఊడదీసి, ఎత్తు స్ప్రింగులు జాగ్రత్త చేసి, కొత్తది బిగించండి. కొత్త హంబకర్‌లో నాలుగు రంగుల వైర్లు, పైన కవచం లేని వైరు ఒకటి ఉంటాయి. రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. సీమోర్ డంకన్‌లో నలుపు స్విచ్‌కు, ఆకుపచ్చ, ఒట్టి వైరు ఎర్త్‌కు, ఎరుపు, తెలుపు రెండూ కలిపి టేపు. డిమార్జియోలో ఎరుపు స్విచ్‌కు, ఆకుపచ్చ, ఒట్టి వైరు ఎర్త్‌కు, నలుపు, తెలుపు కలిపి టేపు. ఒకదాని పటం చూసి ఇంకోదానికి వేస్తే సగం శబ్దమో, అసలు మౌనమో వస్తుంది. పెట్టెలోని కాగితం పారేయకండి.

టంకం వేయకముందే ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నల్ దిశ ఒకటేనా అన్నది, చూసుకుంటే పని తగ్గుతుంది. మల్టీమీటర్‌ను 20కెలో పెట్టి పాత మధ్య పికప్‌కు తగిలించి, స్క్రూడ్రైవర్ ఇనుప మొనను పోల్ మీద టక్కున పెట్టండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో ఊగుతుంది. కొత్తదానికీ అలాగే చేయండి, రెండూ ఒకే వైపు ఊగాలి. ఎదురుగా ఊగితే రెండూ కలిపి వాయించినప్పుడు పాత ట్రాన్సిస్టర్ రేడియోలోంచి వచ్చినట్టు సన్నగా వస్తుంది. అప్పుడు స్విచ్ వైరు, ఆకుపచ్చ వైరు తారుమారు చేయండి. ఒట్టి వైరు మాత్రం ఎప్పుడూ ఎర్త్‌కే. వలలాంటి కవచంతో ఒకే వైరు ఉన్న పాతరకం హంబకర్‌కు ఈ తారుమారు కుదరదు. కవచం ఎర్త్ వదిలి సిగ్నల్ వైపుకు వెళ్లిపోయి మరింత బుయ్‌మంటుంది.

మూయకముందు కేబుల్ గుచ్చి, యాంప్ తక్కువలో పెట్టి, స్విచ్ ఒక్కో చోటా మార్చుతూ పోల్స్ మీద స్క్రూడ్రైవర్‌తో తట్టండి. టక్ టక్ వినిపిస్తే సరే. తీగలు వేశాక ఇంకో పరీక్ష: తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గిందా, ఎర్త్ బాగుంది. ముట్టుకుంటే పెరిగిందా, జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. తగ్గనూ లేదు, పెరగనూ లేదంటే బ్రిడ్జి కిందికి వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉంటుంది. తీగ మీద చేయి వేసి మైకు తగిలినప్పుడు జిల్లుమంటే గిటార్‌ను కాదు, ప్లగ్ మూడో పిన్నుకు ఎర్త్ ఉందో లేదో చూడండి. అది సరయ్యేదాకా వాయించకండి, 230 వోల్టులతో ఆటలొద్దు.

వచ్చే పాఠానికి మీ గిటార్ గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకోండి. రాగి రేకు అతికించి హమ్ ఇంకా తగ్గించడం, నాలుగు వైర్ల హంబకర్‌ను ఒక స్విచ్‌తో సింగిల్ కాయిల్‌గా మార్చడం అందులో చేద్దాం.