జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన వస్తువేంటో తేల్చడం ఎలా

హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో ఏ పాత ఇత్తడి ముక్క పట్టుకున్నా అమ్మేవాడి మాట ఒక్కటే: "నిజాం జమానాది సాబ్." ఆ మాట అక్కడే వదిలేసి వస్తువును మాత్రం ఇంటికి తెచ్చుకోండి. ఎప్పటిదో తర్వాత, ముందు అది ఏం పనికొచ్చేదో తేలాలి. లేత్ మెషిన్ మీద బతికినవాణ్ణి, నా చూపు మొదట అరుగుదల మీదికే పోతుంది. నగిషీ కొత్తగా చెక్కొచ్చు, మసి పూసి పాతది చేయొచ్చు. ఏళ్లతరబడి చేతులు తగిలి వచ్చిన అరుగుదలను దొంగగా తేవడం మాత్రం కష్టం.

తెచ్చీ తేగానే తోమకండి. చింతపండు, పీతాంబరి రెండూ దూరం. మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. ఆకుపచ్చ చిలుము ఉంటే రాగి, ఇత్తడి, కంచుల్లో ఏదో ఒకటి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా, నల్లటి ఒంటి మీద వెండి తీగల్లాంటి గీతలుంటే బిద్రీ కావచ్చు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టి, నవాసారం (అమ్మోనియం క్లోరైడ్)తో దానికి నలుపు తెస్తారు. తోమితే ఆ నలుపుకే మోసం.

ఇంకా డౌట్ ఉంటే కిచెన్ తూకం తీయండి. ముందు వస్తువు బరువు గ్రాముల్లో రాసుకోండి. తర్వాత నీళ్ల గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేసి, వస్తువును దారానికి కట్టి అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. 8.5 దగ్గరైతే ఇత్తడి, 10.5 అయితే వెండి, 11.3 అయితే సీసం. లోపల గాలి చిక్కుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక అసలు పని. నా దగ్గర అరచేతిలో ఇమిడే మామిడికాయ ఆకారపు ఇత్తడి డబ్బీ ఉంది. అత్తరుదన్నాడు అమ్మినవాడు. మడతబందు పిన్ను ఒకవైపు సగం తినేసి ఉంది, అంటే రోజంతా తెరిచి మూసిన వస్తువు. మూత అంచున బొటనవేలు ఆనేచోట నగిషీ చదునైపోయింది. పక్కన చిన్న కొక్కేనికి రెండు మూడు గొలుసు లింకులు, దాని చివర ఉండాల్సింది లేదు. లోపల మూలల్లో తెల్లటి పక్కు. నీళ్లలో ముంచకముందే దాన్ని అగ్గిపుల్లతో గీకి, వేరే పళ్లెంలో నిమ్మచుక్క వేస్తే బుసబుసా పొంగింది. పాత సున్నం గాలికి సుద్దగా మారుతుంది, పులుపు తగిలితే అలాగే పొంగుతుంది. అదీగాక అత్తరుకు అంత వెడల్పు నోరు ఎవరు పెడతారు? ఇది తాంబూలానికి వాడే సున్నపుకాయ. గొలుసుకు ఉండాల్సింది సున్నం తీసే చిన్న చెంచా. పక్కింటి నానమ్మకు చూపిస్తే, "ఆకు, వక్క తినేటోళ్లది బిడ్డా" అని నిమిషంలో తేల్చేసింది. మీరూ ముందు పెద్దవాళ్లకు చూపించండి, తూకం దాకా పోనక్కర్లేకపోవచ్చు.

కాలం సంగతికొస్తే, ప్లస్ గాటు స్క్రూ 1930లకు ముందు వాడుకలో లేదు. అయితే అది రిపేరులో వేసింది కూడా కావచ్చు. ఉర్దూ అంకెల్లో హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం ఉంటే 0.97తో హెచ్చవేసి 622 కలపండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి మీద కనిపించే 1321 అలా 1903 అవుతుంది.

కొన్నది కాకుండా భూమిలో దొరికితే కథ వేరు. 1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. గోల్కొండ కోటలో డిటెక్టర్ పట్టుకుని తవ్వే ఆలోచన అసలే వద్దు, అది రక్షిత కట్టడం. ఫిరంగి గుండులాగో, బాంబులాగో కనిపిస్తే ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయండి.

పోల్చి చూసుకోవడానికి సాలార్‌జంగ్ మ్యూజియం బిద్రీ గ్యాలరీ మంచి చోటు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.