మహమ్మారి రోజుల్లో పిల్లల్ని ఆసుపత్రికి ఎప్పుడు తేవాలి?

నేను పిల్లల ఎమర్జెన్సీలో నర్సుని. 2020 ఏప్రిల్‌లో మా వార్డులో మంచాలన్నీ ఖాళీ. మా ఒక్కచోటే కాదు, అమెరికాలో ఆ నాలుగు వారాల్లో పదేళ్లలోపు పిల్లల ఎమర్జెన్సీ కేసులు ముందటేడు కంటే 72 శాతం పడిపోయాయి. బడులు మూసేశారు కాబట్టి జలుబులు, ఆయాసాలు నిజంగానే తగ్గాయి. కానీ రావాల్సిన పిల్లలు కూడా రాలేదు.

ఒక ఏడేళ్ల బాబు వారం నుంచి నీళ్లు తెగ తాగుతున్నాడు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. "ఇక్కడికొస్తే కరోనా అంటుకుంటుందని ఆగాం సిస్టర్" అంది వాళ్లమ్మ. మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి లోతుగా, గబగబా లాగుతున్నాడు, నోట్లోంచి మగ్గిన పండు వాసన. రక్తంలో చక్కెర కొలిచే గ్లూకోమీటర్ అంకె చూపలేదు, 'హై' అని మాత్రం పడింది. షుగర్ జబ్బు, అప్పటికే ముదిరిపోయింది. నేరుగా ఐసీయూకి. ఆవిడను తప్పుపట్టలేను, ఆ రోజుల్లో డ్యూటీకి రావాలంటే నాకూ భయమే.

అందుకే ముందు ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి నిండా ఒక నిమిషం చూడండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు, పసివాళ్ల ఊపిరి ఒకేలా నడవదు. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 వచ్చినా దాటినా తీసుకురండి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంటే లెక్కతో పనేలేదు, బయల్దేరండి.

మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఫిట్స్ వచ్చినా, లేపితే సరిగ్గా లేవకపోయినా అంతే. మగపిల్లలు సిగ్గుపడి కడుపునొప్పి అంటారు, వృషణాల్లో నొప్పేమో అడగండి. వృషణం మెలిక పడితే గంటల్లో ఆపరేషన్ జరగాలి.

కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ జ్వరం, కళ్లెర్రబడటం, దద్దుర్లు, కడుపునొప్పి వస్తే ఆ పాత సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆడుకుంటూ, తాగుతూ ఉన్న బిడ్డకు మామూలు జలుబైతే ఫోన్‌లో అడిగితే చాలు.

బయల్దేరేముందు ఫోన్ చేసి ఏ గేటు నుంచి రావాలో కనుక్కోండి. రెండేళ్లలోపు బిడ్డకు మాస్క్ పెట్టొద్దు. ఆ రోజుల్లో చేర్చుకుంటే తోడు ఒక్కరినే ఉండనిచ్చేవారు. తోడు ఎవరుండాలో ఇంట్లోనే తేల్చుకోండి, వార్డు తలుపు దగ్గర ఈ గొడవ పడితే బిడ్డ బెదిరిపోతుంది. వాడే మందులు, టీకా కార్డు, ఛార్జర్ మర్చిపోవద్దు.

టీకాలు మాత్రం వాయిదా వేయకండి. 2020లో ప్రపంచంలో 2.3 కోట్ల మంది పిల్లలకు మామూలు టీకాలు పూర్తిగా అందలేదు. తేదీ దాటిపోయినా కార్డు తీసుకుని వెళ్లండి, చాలావాటిని ఆగిన చోటి నుంచే వేస్తారు. రోటా చుక్కలకు (విరేచనాల టీకా) వయసు దాటిపోతుంది, వాటి సంగతి ముందు అడగండి.