గ్రాఫు ముందు నిలబడి మాట్లాడటం – 4వ పాఠం: దేనితో భాగించారు?

ముందుగా గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి తేల్చేద్దాం. అమెరికాలో నిరుద్యోగిత రేటు 2020 ఫిబ్రవరిలో 3.5 శాతం, అదే ఏడాది ఏప్రిల్‌కు 14.7 శాతమని అప్పట్లో ప్రకటించారు. ఎంత పెరిగిందో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. ‘11.2 శాతం పెరిగింది’ అని రాసి ఉంటే కొట్టేయండి. పెరిగింది 11.2 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా. శాతంలోనే చెప్పాలంటే 320 శాతం పెరిగినట్టు, అంటే 4.2 రెట్లయినట్టు. లెక్క ప్రకారం రెండూ ఒప్పే. వినేవారి మీద పడే బరువు మాత్రం ఒకటి కాదు. ‘320 శాతం’ అని విని గుండె గుభేలుమన్నవారికి అసలు సంఖ్యలు గుర్తుండవు. అందుకే నా సలహా: మొదటి విలువ, చివరి విలువ రెండూ చెప్పండి. ‘రెండు నెలల్లో 3.5 నుంచి 14.7 శాతానికి చేరింది’ అంటే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

ఇక ఈ పాఠం. అక్షాలు, స్కేలు, శీర్షిక చదవడం వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు గ్రాఫులో కనబడనిదాన్ని అడగడం నేర్చుకుంటాం. రేటు అన్నా, సగటు అన్నా, వాటా అన్నా ఒక సంఖ్యను మరో సంఖ్యతో భాగించగా వచ్చిందే. లవం గురించి అందరూ మాట్లాడతారు. హారం గ్రాఫు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్కోసారి అక్కడా ఉండదు. గ్రాఫు మీద చర్చ పెడదారి పట్టిందంటే, చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు హారాలు మనసులో పెట్టుకుని వాదించుకుంటున్నారనే అర్థం. ఉద్యోగాన్వేషణ, కుటుంబ ఆదాయం, రవాణా గ్రాఫులు తీసుకుని దీన్ని సాధన చేద్దాం. ఇక్కడి నుంచి వచ్చే లెక్కల్లోని అంకెలన్నీ సాధన కోసం నేను కల్పించినవే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

దిగిన గీత, పెరగని ఉద్యోగాలు

ఒక రేఖా చిత్రం ఊహించండి. అడ్డంగా జనవరి నుంచి జూలై వరకు నెలలు, నిలువుగా నిరుద్యోగిత రేటు. గీత జనవరిలో 10 శాతం దగ్గర మొదలై, పెద్దగా ఒడుదొడుకులు లేకుండా దిగుతూ వచ్చి, జూలైలో 6.1 దగ్గర ఆగింది. చూడగానే నోటికి వచ్చే మాట: ‘ఉద్యోగాలు పెరిగాయి.’ ఆ మాట గ్రాఫు అనలేదు, మనం అన్నాం.

ఈ రేటుకు హారం మొత్తం జనాభా కాదు, పనిచేసే వయసువారందరూ కూడా కాదు. పని ఉన్నవారిని, పని వెతుకుతున్నవారిని కలిపితే వచ్చే శ్రామిక శక్తి మాత్రమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం ఒక మనిషిని నిరుద్యోగిగా లెక్కించాలంటే చేతిలో పని లేకపోవాలి, నాలుగు వారాల్లోనో నెలలోనో పని కోసం ప్రయత్నించి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సాధారణంగా ఆ లెక్కలోకి రారు. మరోవైపు, సర్వే అడిగిన వారంలో వేతనానికో లాభానికో ఒక్క గంట పనిచేసినా పని ఉన్నవారి కిందే జమ. మరి వెతికి వెతికి విసిగిపోయి మానేసినవారో? వాళ్లు నిరుద్యోగులూ కారు, ఉద్యోగులూ కారు. శ్రామిక శక్తి నుంచే తప్పుకున్నారు.

ఇప్పుడు లెక్క వేయండి. వెయ్యిమంది పెద్దలు ఉన్నారు. జనవరిలో 540 మందికి పని ఉంది, 60 మంది వెతుకుతున్నారు, మిగతా 400 మంది చదువుల్లోనో ఇంటి బాధ్యతల్లోనో విశ్రాంత జీవితంలోనో ఉన్నారు. శ్రామిక శక్తి 600. అరవైని 600తో భాగిస్తే 10 శాతం. జూలై వచ్చేసరికి ఆ అరవైమందిలో 25 మంది ఆశ వదులుకుని దరఖాస్తులు పెట్టడం మానేశారు. పని ఉన్నవారు అదే 540. వెతికేవారు 35. ఇప్పుడు హారం 575. ముప్ఫై అయిదును 575తో భాగించండి: 6.1 శాతం. గీత దిగింది. కొత్తగా ఒక్కరికీ పని దొరకలేదు.

దీన్ని తిరగేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. రోజులు బాగుపడుతున్నాయన్న కబురు విని ఆ 25 మందీ మళ్లీ వెతకడం మొదలుపెట్టారనుకోండి. వెతికే అరవైమందిలో పదిమందికి పని దొరికింది కూడా. అయినా రేటు 6.1 నుంచి 8.3కి ఎక్కుతుంది. మంచి వార్త వచ్చిన నెలలో గ్రాఫు చెడ్డ వార్తలా కనిపిస్తుంది.

అందుకని నిరుద్యోగిత గీతను ఒంటరిగా చర్చకు పెట్టకండి. పక్కన మరో గీత అడగండి: పని ఉన్నవారిని పెద్దలందరితో భాగించినది. మన ఉదాహరణలో జనవరిలో 54 శాతం, జూలైలో 54 శాతం. నేల మీద పరిచినట్టు తిన్నగా ఉంటుంది. రెండు గీతలూ ఉన్నప్పుడు నలుగురిలో ఇలా మాట్లాడవచ్చు:

‘జనవరి, జూలై నెలల మధ్య నిరుద్యోగిత రేటు 10 నుంచి 6.1 శాతానికి తగ్గింది. ఈ రేటులో పని ఉన్నవారిని, పని వెతుకుతున్నవారిని మాత్రమే లెక్కించారు. అదే కాలంలో పెద్దల్లో పని ఉన్నవారి వాటా 54 శాతం దగ్గరే ఉంది. కాబట్టి ఈ తగ్గుదల కొత్త ఉద్యోగాల వల్ల వచ్చినట్టు కనిపించడం లేదు. వెతకడం మానేసినవారు ఎంతమందో చూడాలి.’

ఏం కనిపించింది, ఎవరిని లెక్కించారు, పక్క గీత ఏమంటోంది, ఆ తర్వాతే కారణం. అదీ ‘కనిపించడం లేదు’ అన్న జాగ్రత్తతో. కారణంతో మొదలుపెట్టారా, మిగతా సమయమంతా దాన్ని కాపాడుకోవడానికే సరిపోతుంది. ఈ అయిదు వాక్యాలనూ ఒకసారి పైకి చదవండి. కాగితం మీద బాగున్న వాక్యం నోట్లో తిరగకపోవచ్చు. తిరగకపోతే రెండు ముక్కలు చేయండి.

ఉద్యోగాన్వేషణలోనే మరో గ్రాఫు తరచూ ఎదురవుతుంది: ‘ఉద్యోగం దొరకడానికి పట్టిన కాలం’ అన్న కమ్మీ రేఖాచిత్రం. నెలలోపు ఇంతమంది, మూడు నెలలకు ఇంతమంది, ఆరు నెలలకు ఇంతమంది అని కమ్మీలు నిలబడి ఉంటాయి. పొట్టి కాలాలకు పొడవైన కమ్మీలు. చూస్తే ధైర్యం వస్తుంది. కానీ ఇందులో ఉన్నది ఉద్యోగం దొరికినవారే. ఏడాదిగా వెతుకుతూ ఇంకా దొరకనివారికి ఏ కమ్మీలోనూ చోటు లేదు. ‘సర్వే నాటికి ఇంకా వెతుకుతున్నవారు ఎందరు?’ అని అడగండి. శిక్షణ సంస్థలు ఇలాంటి గ్రాఫునే ఎంతో ప్రేమగా చూపిస్తాయి కాబట్టి, ఈ ప్రశ్న డబ్బు కట్టకముందే అడగడం మేలు.

ఇంటి ఆదాయం ఎవరి ఆదాయం?

ఆదాయాల గ్రాఫులో మొదటి సందేహం అందరికీ తెలిసిందే, కాబట్టి త్వరగా దాటేద్దాం. అయిదు ఇళ్ల ఆదాయాలు వేలల్లో 20, 25, 30, 35, 190. కూడితే 300, సగటు 60. అయిదింటిలో నాలుగు ఇళ్లు సగటుకు చాలా కింద ఉన్నాయి. వరుసలో నడుమ నిలిచిన 30 మధ్యగతం. ‘సాధారణ కుటుంబం’ అన్న మాట వాడాలంటే మధ్యగతం చూసి వాడండి. గ్రాఫులో ఏది గీశారో రాయకపోతే అడగండి, ఊహించకండి. సంవత్సరాల మీద సాగే గీత అయితే ధరల పెరుగుదలను తీసేశారా లేదా అన్నది కూడా అడగాలి.

అంతగా పట్టించుకోనిది ఇల్లు అన్న కొలమానం. ఒక ఇంట్లో ఒకే మనిషి, ఆదాయం 30 వేలు. మరో ఇంట్లో నలుగురు, ఆదాయం 48 వేలు. గ్రాఫులో రెండో ఇంటి కమ్మీ ఎత్తుగా ఉంటుంది. తలకు పంచితే మొదటి ఇంటికి 30, రెండో ఇంటికి 12. అయితే తలసరి లెక్కా పూర్తి న్యాయం కాదు. నలుగురున్న ఇంటికి నాలుగు వంటగదులు అక్కర్లేదు, దీపం ఒకటే వెలుగుతుంది. అందుకే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఇటీవలి ప్రచురణల్లో ఇంటి ఆదాయాన్ని సభ్యుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తోంది. నాలుగుకు వర్గమూలం రెండు. 48ని రెండుతో భాగిస్తే 24. ఒకే ఇల్లు, మూడు హారాలు, మూడు జవాబులు: 48, 12, 24. వీటిలో ఏది నిజం అని తగవు పెట్టుకోవడం వృథా. ఏ ప్రశ్నకు ఏది పనికొస్తుందో తేల్చుకుంటే చాలు.

హారం కాలక్రమేణా మారితే మరీ చిక్కు. తల్లి 30, కూతురు 30 సంపాదిస్తున్న ఇంటి ఆదాయం 60. కూతురు వేరే ఇంట్లో ఉండటం మొదలుపెట్టింది. జీతాల్లో మార్పు లేదు, ఇళ్లు రెండయ్యాయి, ఇంటి సగటు ఆదాయం 30కి పడింది. చిన్న కుటుంబాలు పెరుగుతున్న చోట కుటుంబ ఆదాయం గీత నీరసంగా కనిపిస్తే, ‘సంపాదన తగ్గింది’ అనేముందు ‘సగటు కుటుంబంలో ఎందరున్నారు, అప్పుడు ఎందరు, ఇప్పుడు ఎందరు?’ అని అడగాలి.

ఇంకొక్క మాట. జనాన్ని ఆదాయం ప్రకారం అయిదు సమాన భాగాలు చేసి గీసిన గ్రాఫులో ‘అట్టడుగు భాగం పదేళ్లుగా అక్కడే ఉంది’ అనకండి. భాగం అక్కడే ఉంటుంది, దాని పేరే అది. అందులోని మనుషులు మారి ఉండవచ్చు, మారకపోయి ఉండవచ్చు. అది ఈ గ్రాఫు చెప్పే సంగతి కాదు.

ఎన్ని ప్రయాణాలు, ఎంత దూరం

రవాణా గ్రాఫుల్లో ఎక్కువగా వృత్తరేఖా చిత్రం కనిపిస్తుంది. 1801లో స్కాట్లండ్ ఇంజనీరు విలియం ప్లేఫేర్ అచ్చువేసిన నాటి నుంచి దీని మీద ఫిర్యాదులు ఆగలేదు. ముక్కల కోణాలు పోల్చడంలో మన కన్ను అంత నేర్పరి కాదు. ముక్కల మీద అంకెలు ఉంటే వాటినే చదవండి.

వంద ప్రయాణాలు తీసుకుందాం. నలభై నడక, నలభై బస్సు, ఇరవై రైలు. నడక 40 శాతం, బస్సు 40, రైలు 20. ఇప్పుడు ప్రతి నడకా 1 కిలోమీటరు, బస్సు ప్రయాణం 9, రైలు ప్రయాణం 20 అనుకుందాం. కిలోమీటర్లు గుణించి కూడితే 40, 360, 400, మొత్తం 800. కొత్త వృత్తంలో నడక 5 శాతం, బస్సు 45, రైలు 50. అదే జనం, అదే రోజు. కాలిబాటలు వేయాలనేవారు మొదటి వృత్తం పట్టుకొస్తారు, పట్టాలు వేయాలనేవారు రెండోది పట్టుకొస్తారు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ప్రమాదాల గ్రాఫులదీ ఇదే తీరు: కిలోమీటరుకు లెక్కించినప్పుడు, ప్రయాణానికి లెక్కించినప్పుడు, గంటకు లెక్కించినప్పుడు వాహనాల వరుస మారిపోవచ్చు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం రద్దీది. ఒక సమావేశంలో రవాణా అధికారి గ్రాఫు చూపిస్తున్నారు: బస్సుకు సగటున 40 మంది. వెనక వరుసలోంచి ఒక ప్రయాణికురాలు లేచి, ‘అయ్యా, నేను ఎక్కిన ప్రతి బస్సులోనూ ఒంటికాలి మీద నిలబడాల్సి వస్తోందండీ’ అన్నారు. ‘అదంతా మీ అనుభవమమ్మా, ఇవి లెక్కలు’ అన్నారు అధికారి.

రెండు బస్సులతో చూడండి. ఒకదాంట్లో 10 మంది, రెండోదాంట్లో 70 మంది. బస్సులతో భాగిస్తే సగటు 40. అధికారి మాట నిజం. ఇప్పుడు ఎనభైమంది ప్రయాణికులనూ విడివిడిగా అడగండి: ‘మీ బస్సులో ఎందరున్నారు?’ పదిమంది ‘10’ అంటారు, డెబ్బైమంది ‘70’ అంటారు. కూడితే 100, 4,900, మొత్తం 5,000. ఎనభైతో భాగిస్తే 62.5. ప్రయాణికురాలి మాటా నిజమే. ఖాళీ బస్సును చూసేవారు తక్కువ, ఎందుకంటే అది ఖాళీగా ఉంది కాబట్టి. ఆమె అనాల్సింది ఇది: ‘మీరు బస్సుల సగటు చూపించారండీ. ప్రయాణికుల సగటు కూడా పక్కన గీస్తారా?’ గొంతు పెంచాల్సిన పని లేదు. సమావేశాల్లో ఇంతకంటే పదునైన ప్రశ్న నేను పెద్దగా వినలేదు.

అభ్యాసం

ఒక కమ్మీ చిత్రంలో రెండు జతల కమ్మీలు ఉన్నాయి. ఏడాది కాలంలో ప్రయాణికుల సంఖ్య 20 శాతం పెరిగింది, తిరిగే బస్సుల సంఖ్య 50 శాతం పెరిగింది. శీర్షిక: ‘పెరిగిన ఆదరణ’. బస్సుకు ప్రయాణికుల సగటు ఎంత శాతం మారిందో లెక్క కట్టండి. అధికారి తరఫున నాలుగు వాక్యాలు, ప్రయాణికురాలి తరఫున నాలుగు వాక్యాలు రాయండి. పైన చెప్పిన వరుస తప్పకూడదు, కారణం నాలుగో వాక్యంలోనే రావాలి. తర్వాత శీర్షిక మార్చండి. జవాబులు, వాటితో పాటు రెండు నిలువు అక్షాలున్న గ్రాఫులు 5వ పాఠంలో.