పడుకోగానే మొదలయ్యే ఆలోచనలకు

పక్క మీద వాలగానే ఆఫీసు టెన్షన్, పిల్లల ఫీజు, ఊళ్లో అమ్మ మోకాళ్ల నొప్పి అన్నీ ఒకేసారి గుర్తొచ్చి నిద్ర పట్టదు కదా. సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి సీటు దొరికితే, ఫోన్ బ్యాగులో పడేసి 15 నిమిషాలు చిన్న నోట్‌బుక్‌లో మనసులో ఉన్నవన్నీ రాసేస్తాను, ఒక్కోదాని పక్కన రేపు చేయగలిగే పని ఒక్కటే. "అమ్మ మోకాళ్లు: పొద్దున్నే తమ్ముడికి ఫోన్." అంతే. రాత్రి మళ్లీ గుర్తొస్తే, పుస్తకంలో ఉందిలే అనుకుంటాను, నిద్ర పట్టేస్తోంది. పడుకునే ముందు మాత్రం రాయకండి, నాకు ఆలోచనలు ఇంకా పెరిగాయి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే ఇది సరిపోదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.