ఒక్క ఫ్లాష్‌తో ఇంట్లో స్టూడియో లైటింగ్ మొదలుపెట్టడం ఎలా?

సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద పాపాయిని ఫొటో తీస్తే ఏమవుతుందో ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లకు తెలుసు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 3200 దాకా పెంచాలి. అప్పుడు నీడల్లో ఇసుక చల్లినట్టు నలుసులు కనిపిస్తాయి, పాప చెయ్యి ఊపితే చెయ్యంతా మసక. చాలామంది అక్కడే కొత్త కెమెరా కోసం వెతకడం మొదలుపెడతారు. ఆ డబ్బులో కొంత లైటు మీద పెడితే, ఉన్న కెమెరాతోనే ఎంతో మంచి ఫొటో వస్తుంది. అలాగని మూడు లైట్ల కిట్ జోలికి వెళ్లకండి. ఒక ఫ్లాష్, ఒక ట్రిగ్గర్ (కెమెరా మీద పెడితే దూరంగా ఉన్న ఫ్లాష్‌ను రేడియోతో వెలిగించేది), ఒక స్టాండ్, ఒక తెల్ల గొడుగు, ఆ గొడుగునూ ఫ్లాష్‌నూ కలిపి పట్టుకునే బ్రాకెట్. మొదట ఇవి చాలు.

ఏది కొనాలి

ఫ్లాష్ మాన్యువల్‌ది, అంటే పవర్ మనమే పెట్టుకునేది తీసుకోండి. గోడాక్స్ టీటీ600 లాంటిదైతే రేడియో రిసీవర్ లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కెమెరాయే వెలుగు లెక్కగట్టే టీటీఎల్ సౌకర్యం ఇందులో లేదు. ఎదుట కూర్చున్న మనిషిని తీయడానికి దాని అవసరం కూడా లేదు. నాలుగు ఏఏ సెల్స్ పడతాయి. రీఛార్జ్ చేసేవి ఎనిమిది కొని, నాలుగు వాడుతూ నాలుగు ఛార్జింగ్‌లో పెట్టుకోండి.

ట్రిగ్గర్ దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. ట్రిగ్గర్‌ను మీ కెమెరా కంపెనీని చూసి కొనాలి. గోడాక్స్ ఎక్స్2టీలో కెనాన్‌కు సి, నికాన్‌కు ఎన్, సోనీకి ఎస్ అని వేర్వేరు రకాలున్నాయి. ఆర్డర్ పెట్టేముందు ఆ ఒక్క అక్షరం రెండుసార్లు చూసుకోండి. రేపు కెమెరా కంపెనీ మార్చినా ట్రిగ్గర్ మారిస్తే సరిపోతుంది, స్టాండ్ మీది ఫ్లాష్ అదే పనిచేస్తుంది.

ఇంట్లో ఒక గదిని దీనికోసమే వదిలేయగలిగితే కరెంటుతో నడిచే స్ట్రోబ్ (పెద్ద స్టూడియో ఫ్లాష్) కూడా మంచిదే. బోవెన్స్ కంపెనీ మౌంట్ (లైటు ముందు సామాను బిగించే అమరిక) ఉన్నదే తీసుకోండి. ఆ బ్రిటన్ కంపెనీ 2017లో మూతపడినా ఆ మౌంట్‌కు సరిపోయే సాఫ్ట్‌బాక్సులు (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టెలు) ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే కరెంటు పోయిందంటే ఫొటోలు కూడా ఆగిపోతాయి.

పాత ఫిల్మ్ కెమెరాల కాలం ఫ్లాష్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా డిజిటల్ కెమెరా మీద తగిలించకండి. వాటిలో కొన్నిటికి కెమెరాకు తగిలే సింక్ పిన్ దగ్గర 200 వోల్టులకు పైగా ఉంటుంది, కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు.

మొదటి ఫొటో

ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. గొడుగుకు గాలి తగిలితే స్టాండ్ మొత్తం పడిపోతుంది. స్టాండ్ కాళ్ల మధ్య ఐదు కేజీల బియ్యం సంచి వేలాడదీయండి. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది తప్పనిసరి.

ఫ్లాష్‌ను గొడుగు లోపలి వైపుకు తిప్పి, దాని జూమ్‌ను 24 ఎంఎం దగ్గర పెట్టండి. అప్పుడే గొడుగంతా వెలుగు నిండుతుంది. గొడుగు ఉబ్బెత్తు భాగం మనిషి వైపు ఉండాలి. దాన్ని మనిషికి ఒక పక్కగా, కంటి ఎత్తు కంటే కాస్త పైన, మూడడుగుల దూరంలో నిలబెట్టండి.

ఫ్లాష్, ట్రిగ్గర్ రెండింటిలోనూ ఒకే ఛానల్ నంబరు, ఒకే గ్రూప్ అక్షరం పెట్టండి, అప్పుడే అవి ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లోకి మార్చి ఐఎస్ఓ 100, షట్టర్ (ఎంతసేపు తెరుచుకుంటుందో) 1/160 సెకను, అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో) ఎఫ్ 5.6 పెట్టండి.

ఇప్పుడు ట్రిగ్గర్ ఆఫ్ చేసి ఒక ఫొటో తీయండి. ట్యూబ్‌లైట్ వెలుగుతున్నా ఫొటో దాదాపు నల్లగా రావాలి. అంటే గదిలోని వెలుగు ఏదీ ఫొటోలోకి రావడం లేదు, ఇకమీదట కనిపించేదంతా మీ ఫ్లాష్ వెలుగే. ట్రిగ్గర్ ఆన్ చేసి, ఫ్లాష్ పవర్ 1/8లో (పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు) పెట్టి మళ్లీ తీయండి. చీకటిగా ఉంటే 1/4, మరీ తెల్లగా ఉంటే 1/16. లైటింగ్‌లో నేను అందరికంటే ముందు నేర్పాలనుకునేది ఈ నల్ల ఫొటోనే. ఇది అర్థమయ్యాక అపర్చర్ ఫ్లాష్ వెలుగును ఎలా మారుస్తుందో, షట్టర్ గదిలోని వెలుగును మాత్రమే ఎలా మారుస్తుందో మీకే కనిపిస్తుంది. షట్టర్‌ను 1/60కి తగ్గించి చూడండి. మొహం మీద వెలుగు అలాగే ఉంటుంది, వెనక ట్యూబ్‌లైట్ వెలుగు మెల్లగా తెలియడం మొదలవుతుంది.

ఫొటోలో కింద గానీ పైన గానీ నల్లటి పట్టీ వస్తే షట్టర్ సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేయగల గరిష్ఠ వేగం) దాటిందని అర్థం. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250.

దూరమే అసలు నాబ్

ఫ్లాష్‌ను రెట్టింపు దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడడుగుల దూరంలో 1/16 పవర్ ఇచ్చే వెలుగు, ఆరడుగులకు వెళ్తే 1/4 పవర్‌కు గానీ రాదు. దగ్గర పెడితే సెల్స్ ఎక్కువసేపు వస్తాయి, ఫ్లాష్ త్వరగా రీచార్జ్ అవుతుంది, నీడల అంచులు కూడా మెత్తబడతాయి.

ఇదే లెక్క గోడకూ వర్తిస్తుంది. మనిషి ఫ్లాష్‌కు మూడడుగుల్లో, వెనక తెల్ల గోడ పన్నెండడుగుల్లో ఉంటే గోడకు అందేది పదహారో వంతే. కడిగినంత తెల్లటి గోడ ముదురు బూడిద రంగులో వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ క్లాత్ కొనకముందు ఇది చేసి చూడండి. గోడలు పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటే మాత్రం మనిషిని వాటికి వీలైనంత దూరంగా కూర్చోబెట్టాలి, లేకపోతే ఆ రంగు బుగ్గల మీద పడుతుంది.

మొహంలో రెండో వైపు మరీ చీకటైతే ఆ పక్కన ఒక తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. సినిమా షూటింగుల్లోనూ దాన్నే వాడతారు. రెండో ఫ్లాష్ కొనే అవసరం చాలాకాలం వాయిదా పడుతుంది.

ఫ్లాష్ వెలగకపోతే

టెన్షన్ పడకుండా వరుసగా చూడండి. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందా? చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో అది ఉంటే ఫ్లాష్ వెలగదు. ట్రిగ్గర్ హాట్‌షూలోకి (కెమెరా పైనున్న గాడిలోకి) చివరిదాకా వెళ్లిందా? ఛానల్ మారిందా, గ్రూప్ ఆఫ్ అయిందా? సెల్స్ అయిపోయాయా? మిర్రర్‌లెస్‌లో ఫొటో తీయకముందే స్క్రీన్ నల్లగా కనిపిస్తే అది లోపం కాదు. ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్‌ను (ఫొటో ఎలా వస్తుందో స్క్రీన్ మీద ముందే చూపే సౌకర్యాన్ని) ఆఫ్ చేస్తే మనిషి కనిపిస్తాడు. సోనీ వాళ్లు మెనూలో సెట్టింగ్ ఎఫెక్ట్ అనే చోట వెతకాలి. స్ట్రోబ్ పాడైతే మాత్రం మీరే విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది.

మంచి ఫొటో వచ్చిన రోజు, సామాను సర్దేముందు స్టాండ్ కాళ్లు ఉన్నచోట నేలమీద టేపు ముక్కలు అంటించండి. పవర్, అపర్చర్, అడుగుల దూరం ఒక చీటీ మీద రాసి ఫ్లాష్ సంచిలో పెట్టండి. మళ్లీ వారం ఇంటికి చుట్టాలొచ్చి పాపను ఒక ఫొటో తీయమంటే, ఆ చీటీ చూసి ఐదు నిమిషాల్లో లైటు పెట్టేయొచ్చు.