ఒకే బిల్లు రెండుసార్లు ఆదాయంలో పడకుండా చూసుకోవడం ఎలా

నేనుండేది గుంటూరు బ్రాడీపేట, ఇంటీరియర్ పనులు చేస్తాను, పార్టీలు సగం మంది బెజవాడ బిల్డర్లే. మనలా సొంతంగా పని చేసుకునేవాళ్ళు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఎక్కువ నష్టపోయేది ఎక్కడంటే, ఒకటే డబ్బు రెండు చోట్ల కనపడితే రెండూ కూడేసుకోవడం దగ్గర.

లక్ష రూపాయల బిల్లు ఇచ్చారనుకోండి, జీఎస్టీ 18 శాతం కలిపి 1,18,000. పార్టీ 194జే (ప్రొఫెషనల్ ఫీజుల సెక్షన్) కింద లక్ష మీద 10 శాతం టీడీఎస్, అంటే మన తరఫున ముందే కట్టే పన్ను, పట్టుకుని మీ ఖాతాలో 1,08,000 వేస్తుంది. ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (మన పేరున ఏడాదిలో నమోదైన లావాదేవీల పట్టిక) తెరిస్తే టీడీఎస్ దగ్గర ఓ లక్ష, జీఎస్టీ టర్నోవర్ దగ్గర మళ్ళీ అదే లక్ష, బ్యాంకు స్టేట్‌మెంట్లో చూస్తే 1,08,000. మూడూ ఒకటే పనివి, ఆదాయం లక్షే. టీడీఎస్ పోయింది కదా అని 90,000 రాయడం కూడా తప్పే, ఆ పదివేలు మీ పేరున ముందే కట్టిన పన్ను.

అందుకే ముందు ఏఐఎస్ తెరవకండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మీరిచ్చిన బిల్లులు పుస్తకంలోనో ఎక్సెల్‌లోనో వరసగా రాసుకోండి: నంబరు, తేదీ, జీఎస్టీ లేకుండా ఎంత, టీడీఎస్ ఎంత, డబ్బు ఎప్పుడు పడింది. ఆ తర్వాత ఏఐఎస్‌లో ఒక్కో లైను పక్కన అది ఏ బిల్లుదో నంబరు వేసుకుంటూ పోండి, ఒకే నంబరు రెండు లైన్లకి వచ్చిందంటే అక్కడ ఆగి చూడాలి.

నాకు ఇలాగే ఒకటి దొరికింది. అయిదు లక్షల పని, అడ్వాన్సు రెండు లక్షలు ఇచ్చినప్పుడు టీడీఎస్ పట్టారు, ఫైనల్ బిల్లు ఇచ్చాక అడ్వాన్సు తీసేయకుండా మొత్తం అయిదు మీద మళ్ళీ పట్టారు, ఏఐఎస్‌లో ఏడు లక్షలు అయి కూర్చుంది. నేను బిల్లు, అడ్వాన్సు రసీదు రెండూ పెట్టి వాళ్ళ అకౌంట్స్ వాళ్ళకి మెయిల్ రాశాను, వాళ్ళు టీడీఎస్ స్టేట్‌మెంట్ కరెక్షన్ వేసేదాకా వదల్లేదు. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దండి, రాతలో ఉండాలి. దాంతోపాటు ఏఐఎస్‌లో ఆ లైను మీద ఫీడ్‌బ్యాక్ నొక్కి, ఇది డూప్లికేట్, వేరే సమాచారంలో కలిసి ఉంది అనే ఆప్షన్ పెట్టి, వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. టీడీఎస్ మొత్తం క్లెయిమ్ చేసి ఆదాయం మాత్రం తగ్గించి చూపిస్తే రిటర్న్ డిఫెక్టివ్ (లోపం ఉంది) అని నోటీసు రావచ్చు, అప్పుడు ఈ కాగితాలే కాపాడతాయి.

మార్చి బిల్లుల దగ్గర ఇంకా జాగ్రత్త. పార్టీ మార్చిలో టీడీఎస్ కట్టేసి డబ్బు ఏప్రిల్లో వేస్తుంది, మనం పాత ఏడాదిలో ఓసారి, డబ్బు పడిందని కొత్త ఏడాదిలో ఇంకోసారి రాసేస్తాం. బిల్లు తేదీయో, డబ్బు వచ్చిన తేదీయో ఒకటే పద్ధతి పెట్టుకుని ఏటా దాని మీదే ఉండండి. ఆదాయం ఏ ఏడాదిలో చూపిస్తే దాని టీడీఎస్ కూడా ఆ ఏడాదే తీసుకోవాలి, మిగిలిన టీడీఎస్ వచ్చే ఏడాదికి తీసుకెళ్ళడానికి ఐటీఆర్‌ (రిటర్న్ ఫారం)లోనే కాలమ్ ఉంది.

ప్లైవుడ్‌కీ లైట్లకీ అని పార్టీ ఫోన్‌పే చేసిన డబ్బు కూడా మన ఖాతాలోనే పడుతుంది కదా, షాపు బిల్లు పార్టీ పేరు మీద ఉండి, ఎంతకు కొన్నామో అంతే తీసుకుంటే అది మన ఆదాయం కాదు, అందుకే షాపులోనే బిల్లు వాళ్ళ పేరున రాయించండి. సేవింగ్స్ నుంచి కరెంట్ అకౌంట్‌కి మనమే వేసుకున్నవీ అంతే.

44ఏడీఏ (ఖర్చుల లెక్కలు చూపించకుండా వసూళ్ళలో ఓ వాటా ఆదాయంగా చూపించే సెక్షన్) కింద ఐటీఆర్-4 వేసేవాళ్ళకి వసూళ్ళలో కనీసం సగం ఆదాయంగా చూపించాలి, కాబట్టి లక్ష రెండుసార్లు పడితే ఉత్తపుణ్యానికి యాభై వేల మీద పన్ను. పైగా దాని లిమిట్ 50 లక్షలు, నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షలు, లేని వసూళ్ళు కూడి ఆ గీత దాటితే అసలు ఐటీఆర్-4 వేసే వీలే పోతుంది. ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నంబర్లు వేసిన ఆ ఏఐఎస్ కాపీ కూడా పట్టుకెళ్ళండి, ఏ లైను ఎందుకు వదిలేశారో ఆయనకి దాంట్లోనే చూపించొచ్చు.